అప్‌డేట్: లాక్‌డౌన్‌లో రోజూ గొడవలు, విడిపోదామా అని అడిగాను కదా

2020 ఏప్రిల్‌లో అడిగాను, నేను కూకట్‌పల్లి రూమ్‌లో ఇరుక్కుపోయా, నా గర్ల్‌ఫ్రెండ్ గుంటూరులో వాళ్ళింట్లో, ఫోన్ చేస్తే గొడవే, బ్రేకప్ చెప్పేయనా అని. చెప్పలేదండి.

మీలో ఒకరు "ఆ అమ్మాయి ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో ఎప్పుడైనా అడిగావా" అన్నారు, ఆ మాట నన్ను వదల్లేదు. అడిగితే ఏడ్చేసింది. రెండు గదుల ఇల్లు, లాక్‌డౌన్ వల్ల నాన్న, తమ్ముడు రోజంతా ఇంట్లోనే, మా సంగతి ఎవరికీ తెలీదు, డాబా మీద బట్టలు ఆరేసే వంకతో పది నిమిషాలు దొరికేవట, నేనేమో ఒక్కడినే గదిలో కూర్చుని, టక్కున కట్ చేస్తే నన్ను పట్టించుకోవట్లేదు అనుకునేవాణ్ణి. చాలా సిగ్గేసింది.

అప్పట్నుంచి కాల్స్ తగ్గించాం. రాత్రి నేను వాయిస్ మెసేజ్ పెడతా, తను ఇయర్‌ఫోన్స్‌లో విని టైప్ చేస్తుంది. గొడవలు పూర్తిగా పోలేదు. ఆగస్టులో వాళ్ళ నాన్నగారికి పాజిటివ్ వచ్చినప్పుడు వస్తానంటే వద్దంది, వారం మాటల్లేవు, ఆయన కోలుకున్నాక తనే మెసేజ్ చేసింది.

నవంబర్ 2న రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు మళ్ళీ మొదలయ్యాయి కదా, ఆ వారమే ఎక్కేశా. జనతా కర్ఫ్యూకి ముందు చూసిన మనిషిని ఏడు నెలలు దాటాక చూడటం, అదీ మాస్కులో, బస్టాండ్‌లో ఇద్దరికీ మాట రాలేదు, పక్కపక్కన కూర్చుని టీ తాగాం అంతే. సంక్రాంతికి ఇంట్లో చెప్తానంది. ఆ ప్రశ్న అడిగినవాళ్ళకి చాలా థాంక్స్ అండి.