చర్చ: మూలకణాన్ని ఎముక కణంగా మార్చేది కింది ఉపరితలమా, పైన పోసే మందులా?

హంటర్‌రోడ్_మెటల్: మొన్న ఇంకో థ్రెడ్‌లో ఒకాయన రాశాడు: మూలకణం ఏం కావాలో రసాయనాలే తేలుస్తాయట, కింద ఉన్న పదార్థం ఉత్త పీటట. నేను ఒప్పుకోను. 2006లో అమెరికాలో డిషర్ అనే శాస్త్రవేత్త బృందం మనిషి ఎముక మజ్జ మూలకణాలను (స్టెమ్ సెల్స్) కొల్లాజెన్ అనే ప్రోటీన్ పూసిన పాలీఎక్రిలమైడ్ జెల్స్ మీద పెంచింది. అన్నింటికీ ఒకటే ద్రవం, మార్చింది జెల్ గట్టిదనం. ఒక కిలోపాస్కల్ (గట్టిదనానికి కొలత) లోపు మెత్తదనంలో నాడీకణాల పోలికలు, పది చుట్టుపక్కల కండరం పోలికలు, 25–40 మధ్య ఎముక పోలికలు వచ్చాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

జీవకణం_హనుమకొండ: పోలికలు అని మీరే రాశారన్నా. కొమ్మలు వేసిన ప్రతి కణం నాడీకణం అయిపోదు. పైగా 2012లో మరో బృందం పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు మీద చూస్తే, గట్టిదనం ఎంత మార్చినా కణాల్లో తేడా రాలేదు. కొల్లాజెన్ ఎంత బిగువుగా అంటుకుందన్నదే అసలు సంగతి అన్నారు.

హంటర్‌రోడ్_మెటల్: 2014 దాకా కూడా చదవండి మేడమ్. జెల్‌లోని రంధ్రాల సైజునూ, కొల్లాజెన్ అంటుకునే తీరునూ విడివిడిగా మార్చి చూశారు. చివరికి నిలిచింది గట్టిదనమే.

కాజీపేట_ప్యాసింజర్: పాప్‌కార్న్ తెచ్చుకున్న.

హంటర్‌రోడ్_మెటల్: జెల్ వద్దంటే గ్లాస్గో యూనివర్సిటీ శాస్త్రవేత్త డాల్బీ వాళ్ల పని చూడండి, 2007. ప్లాస్టిక్ మీద 120 నానోమీటర్ల వెడల్పు గుంటలు (నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు). వరుసగా ఉన్నప్పుడు పెద్దగా ఏమీ లేదు. గుంటలను 50 నానోమీటర్ల దాకా అటూ ఇటూ జరిపితే, కణాలను ఎముక వైపు మళ్లించే మందు చుక్క వేయకుండానే కణాలు ఖనిజం పేర్చాయి. 2011లో వరుస తప్పని గుంటల మీద ఎనిమిది వారాల దాకా మూలకణాలు మూలకణాలుగానే ఉన్నాయి.

జీవకణం_హనుమకొండ: గుంటల సైజే తేల్చేస్తుందంటే టైటానియం మీద పెంచే సన్నటి నానోగొట్టాల సంగతేంటి? 2007లో ఒక బృందానికి 15 నానోమీటర్లు మంచిది, 100 దగ్గర కణాలు చచ్చాయి. 2009లో ఇంకో బృందానికి 70–100 దగ్గరే ఎముక వైపు మళ్లాయి. ఏది నమ్మాలి?

హంటర్‌రోడ్_మెటల్: గొట్టాలు తయారుచేసే పద్ధతి వేరు, వేడి చేయడం వేరు, కణాలూ వేరు. 15నూ 70నీ పక్కపక్కన పెట్టకూడదు.

జీవకణం_హనుమకొండ: పెట్టకూడదంటే అది సూత్రం ఎట్లా అవుతుందన్నా?

పరకాల_పత్తిచేను: నాకు నానోమీటర్లు తెల్వవు సారు. మా నాయినకు పన్ను ఇంప్లాంట్ వేసిన్రు. క్లినిక్ పేరు రాయను. ‘ఇది నానో ఉపరితలం, మూలకణాలను లాక్కొని ఎముక కట్టిస్తది’ అని మామూలు దానికంటే ఎక్కువ తీసుకున్నరు. కొన్ని నెలలకే కదిలి ఊడొచ్చింది. నాయినకు షుగర్, చుట్ట అలవాటు. అడిగినోళ్లు లేరు.

కరీంనగర్_పళ్లడాక్టర్: తమ్ముడూ, ముందు అడగాల్సినవే అవి. అదుపులో లేని షుగర్, పొగాకు ఉంటే ఎంత మంచి ఉపరితలమైనా గెలవడం కష్టం. ఇసుక కొట్టి యాసిడ్‌లో గరుకు చేసిన టైటానియం నున్నటి దానికంటే ఎముకను బాగా పట్టుకుంటుంది, అది నిజం. మూలకణాల కథ మాత్రం సేల్స్ వాళ్లది.

హంటర్‌రోడ్_మెటల్: కథ కాదు డాక్టర్ గారూ. కణం పదార్థాన్ని పట్టుకొని లాగుతుంది. గట్టిగా నిలిస్తే లోపలి తంతువులు బిగుసుకుంటాయి, యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి పోయి కణాన్ని ఎముక వైపు మళ్లిస్తుంది. 2011లో ఇటలీ వాళ్లు చూపించారు.

జీవకణం_హనుమకొండ: ఆ దారి నేనూ నమ్ముతాను. నా కోపం వేరే. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో టైటానియం పలకల మీది కణాలకు డెక్సామెథసోన్, విటమిన్ సి, గ్లిసరోఫాస్ఫేట్, అంటే ఎముక వైపు మళ్లించే మందులన్నీ పోశాం. మందు లేని పలక ఒక్కటీ పెట్టలేదు. పోస్టర్ మీద మాత్రం ‘ఉపరితలమే ఎముకను చేసింది’ అని రాశారు. కణాలకు రాత్రీ పగలూ చాకిరీ చేసింది మేము, పేరు మీ మెటల్ వాళ్లది.

హంటర్‌రోడ్_మెటల్: అంటే మీ పంచాయితీ పేరు కోసమా? ముందే చెప్తే ఇంత టైపు చేసేవాణ్ని కాదు. 1965లో స్వీడన్ డాక్టర్ బ్రానెమార్క్ మొదటి రోగికి టైటానియం పన్ను ఇంప్లాంట్ వేసినప్పుడు యాప్ అంటే ఎవరికి తెలుసు? పనిచేసింది, వాడారు. ఎందుకన్నది తర్వాత తెలుస్తుంది.

జీవకణం_హనుమకొండ: బ్రానెమార్క్ దాన్ని మూలకణాల పేరుతో అమ్మలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్స ఏదైనా క్లినికల్ ట్రయల్‌లోనే (రోగుల మీద అనుమతితో చేసే పరీక్ష) జరగాలి.

హంటర్‌రోడ్_మెటల్: ఇంప్లాంట్‌లో కణాలు పెట్టట్లేదు కదా. ఆ రూల్ దీనికి వర్తించదు.

జీవకణం_హనుమకొండ: నా గోడు అదే! రూల్‌కు దొరకరు, పేరు మాత్రం వాడుకుంటారు. ల్యాబ్ డిష్‌లో వచ్చిన ఫలితం చూపి పరకాల పెద్దాయన దగ్గర డబ్బులు తీసుకోవచ్చా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి.

హంటర్‌రోడ్_మెటల్: ఇంప్లాంట్‌కు తీసుకోవచ్చు.

జీవకణం_హనుమకొండ: నేనడిగింది ఎక్కువ తీసుకున్న దాని గురించి.

కాజీపేట_ప్యాసింజర్: దీనికి జవాబు రాదు.

పరకాల_పత్తిచేను: బిల్లు తీసి చూసిన. ‘ఇంప్లాంట్, ప్రీమియం’ అని ఉంది. మూలకణాల ముచ్చట కాయితం మీద ఎక్కడా లేదు, అంతా నోటి మాటే.

హంటర్‌రోడ్_మెటల్: కంపెనీ, మోడల్ నంబర్ రాశారా? గుంటలు ఎన్ని నానోమీటర్లో చూద్దాం.