వారంటీ దాటిన స్విఫ్ట్: షోరూంకా, బయట మెకానిక్‌కా?

కొత్త స్టీరింగ్: 2019 స్విఫ్ట్ పెట్రోల్, 62,000 కిలోమీటర్లు. క్లచ్ గట్టిపడింది. షోరూం ఎస్టిమేట్‌లో ఇంజన్ ఫ్లష్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ కలిపారు. అవసరమా? బయట చేయిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఇబ్బందా?

జాబ్‌కార్డ్: ఆ మూడూ కొట్టేయించండి. ఓనర్ మాన్యువల్ పట్టికలో లేనిది సర్వీస్ కాదు, అమ్మకం. చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టకముందే చెప్పాలి. బ్రేక్ ఆయిల్ మాత్రం రెండేళ్లకోసారి మార్పించండి. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

ఆటోనగర్ అన్న: షోరూం గోల ఎందుకు తమ్ముడూ. మన బెజవాడ ఎండలకి వాళ్లు పోసే 0డబ్ల్యూ-20 ఇంజన్ ఆయిల్ నీళ్లలా ఉంటది. 20డబ్ల్యూ-40 పోయించు, ఇంజన్ మోత తగ్గుద్ది.

గ్రీజు చేతులు: అన్నా, డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి స్టార్టింగ్‌కి సంబంధించింది, వెనకది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. బయట 45 ఉన్నా 25 ఉన్నా థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 చుట్టూనే ఉంచుతుంది. ఈ ఇంజన్‌లో వీవీటీ, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు, తిరిగేది ఆయిల్ ప్రెషర్‌తోనే. దాని సన్న ఆయిల్ దారుల్లో చిక్కటి ఆయిల్ ఆలస్యంగా చేరితే పికప్, మైలేజీ రెండూ పడతాయి. మోతంటారా, దుప్పటి కప్పినా తగ్గుద్ది.

ఆటోనగర్ అన్న: పుస్తకం చదివి స్పానర్ పట్టినోడికి చెప్తున్నావా? ఇరవై ఏళ్ల సర్వీసు ఇక్కడ.

గ్రీజు చేతులు: ఇరవై ఏళ్ల కిందటి ఇంజన్లకైతే మీ మాట కరెక్టే.

ఓబీడీ వాసు: క్లచ్ ఊసే లేదేంటి? ఆ మోడల్‌కి కేబుల్ క్లచ్. ముందు కేబుల్ విప్పి చేత్తో లాగండి, పట్టేస్తుంటే తప్పు దానిదే, తక్కువలో పోతుంది. కేబుల్ బాగుంటే ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోకపోతే ప్లేటు జారుతోంది. గేర్‌బాక్స్ దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చేయాలి. బేరింగ్ వదిలేస్తే రేపు మళ్లీ అదే లేబర్.

రాణీగంజ్ రాజు: స్పేర్లు మీరే కొనండి. హోలోగ్రామ్, పార్ట్ నంబర్ చూసి, బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు వేస్తే అడగండి. షోరూంని నెత్తిన పెట్టుకునేవాళ్లకి ఇంకో మాట: స్పేర్లు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు దొరక్కుండా చేశారనే కాంపిటిషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది.

ఓబీడీ వాసు: అయినా కీ కోడింగ్, ఎయిర్‌బ్యాగ్ లైటు అయితే షోరూంకే. బయట స్కానర్ పెట్టి పీ0420 అనే తప్పు కోడ్ రాగానే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) మార్చాలంటే నమ్మొద్దు. ముందు సైలెన్సర్ లీకు, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ చూడాలి.

జాబ్‌కార్డ్: ఇన్సూరెన్స్ అడిగారుగా. బయటి గ్యారేజీ అయినా క్లెయిమ్ వస్తుంది, కాకపోతే ముందు మీరు కట్టి తర్వాత తీసుకోవాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.

ఆటోనగర్ అన్న: గ్రీజు, ఆయిల్ ఫిల్టర్ ఎంత బిగించాలో నీ పుస్తకంలో ఉందా?

గ్రీజు చేతులు: ఉందన్నా. ఫిల్టర్ రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి, అది తగిలాక ముప్పావు చుట్టు. మీరు గొలుసు స్పానర్ వేసి బిగిస్తారే, రబ్బరు నలిగి కారేది అందుకే.