క్షయలో ఊపిరితిత్తిని తినేది క్రిమా, మన రక్షణ వ్యవస్థా?

ప్రశ్న అడిగినవారు: క్షయ క్రిమి ఊపిరితిత్తిని కొరుక్కు తింటుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నష్టంలో ఎక్కువ భాగం శరీరం తనకు తాను చేసుకునేదే అని ఈమధ్య చదివాను. ఏది నిజం?

పాథాలజీ విద్యార్థిని: శరీరమే అంటాను. ధనుర్వాతం క్రిమి వదిలేలాంటి విషం దీనికి లేదు. మాక్రోఫేజ్ అనే రక్షణ కణం దీన్ని మింగుతుంది గానీ చంపలేకపోతుంది. చుట్టూ మరిన్ని కణాలు మూగి గ్రాన్యులోమా అనే ముడి కడతాయి. దాని నడుమ కణాలు చచ్చి ముద్దవుతాయి. మా మ్యూజియంలో జాడీలో ఉన్న ఊపిరితిత్తి పైభాగాన నిమ్మకాయంత గుంట ఉంది. గోడలకు జున్నులాంటి తెల్లని పదార్థం అంటుకుని ఉంది, గుంటకు అడ్డంగా దారంలా ఒక రక్తనాళం మిగిలింది. ఆ ముద్ద కరిగి శ్వాసనాళంలోకి పోగా ఏర్పడిన ఖాళీ అది. ఊపిరితిత్తికి దన్నుగా ఉండే కొలాజెన్ పోగులను తెంపే ఎంఎంపీ-1 మన కణాలు వదిలే ఎంజైమే. హెచ్ఐవీ ముదిరి సీడీ4 అనే రక్షణ కణాలు బాగా తగ్గినవారిలో ఇలాంటి గుంటలు తక్కువ. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఛాతీ వార్డు నర్సు: గుంటలు తక్కువే, కానీ వారిలో క్రిమి ఒళ్లంతా పాకుతుంది. అలాంటి రోగుల పక్కన రాత్రులు కూర్చున్నదాన్ని, దాన్ని మేలని ఎలా అంటాను? కీళ్లవాతానికి, గ్రాన్యులోమాను నిలిపి ఉంచే రక్షణ సంకేతమైన టీఎన్ఎఫ్‌ను అణిచే మందులు వాడినవారిలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టిందని 2001లోనే బయటపడింది. ఆ ముడి లేకపోతే క్రిమికి అడ్డే లేదు. పైగా విషం లేదనడమూ తప్పే. టీఎన్‌టీ అనే విషం మాక్రోఫేజ్‌లోని ఎన్ఏడీని (కణం శక్తికి అవసరమైన పదార్థాన్ని) ఖాళీ చేసి దాన్ని చంపుతుంది.

చికిత్స ముగించినవాడిని: ఆరు నెలలు మందులు వాడాను. కఫంలో క్రిమి లేదన్నారు. అయినా రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. మానిన చోట మచ్చకట్టి ఊపిరితిత్తి బిగుసుకుందట. మంటను తగ్గించే స్టెరాయిడ్ ముందే ఇచ్చి ఉంటే?

నర్సు: మెదడు పొరల క్షయలో ఇస్తారండి. వియత్నాంలో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను తగ్గించింది. అదీ క్షయ మందులతో కలిపే. ఊపిరితిత్తుల క్షయకు మామూలుగా ఇవ్వరు. దయచేసి ఎవరూ సొంతంగా వాడకండి.

పాథాలజీ విద్యార్థిని: టీఎన్‌టీ విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. గుంట గురించి ఒక్క మాట. గాలి బాగా తగిలే ఆ గోడలో క్రిములు కోట్లలో పెరిగి, దగ్గుతో మరొకరిని చేరతాయి. గోడను తెంపింది మన ఎంజైమే అయినా, ఆ దారి ఉపయోగపడింది క్రిమికే.