పెయింట్ బకెట్‌లో పాలకూర, వేర్లు కుళ్లిపోతున్నాయి

మాది హైదరాబాద్, మూడో అంతస్తు బాల్కనీ. మట్టి లేకుండా నీళ్లలోనే మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్ చేద్దామని, మోటారు గొడవ లేకుండా 20 లీటర్ల తెల్ల పెయింట్ బకెట్ మూతకు రంధ్రాలు చేసి, నెట్ కప్పుల్లో (జాలీలాంటి చిన్న కప్పులు) కొబ్బరిపొట్టు వేసి పాలకూర పెట్టాను. ఆర్ఓ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని అవే అంచుదాకా పోసి, ఓ చెంచా యూరియా కలిపాను. ఇప్పుడు నీళ్లు పచ్చగా, వేర్లు జిగటగా ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు 1: ముందు ఆ నీళ్లు పారబోయండి అన్నా. వాటిలో అప్పటికే ఉప్పులెక్కువ. పొలంలో యూరియాని నైట్రేట్‌గా మార్చడానికి మట్టిలో సూక్ష్మజీవులుంటాయి, బకెట్‌లో ఆ పని ఎవరు చేస్తారు? హైడ్రోపోనిక్స్‌కని ఎ, బి సీసాల్లో అమ్మే పోషకాలు కొనండి. ఆ రెండూ నేరుగా కలపొద్దు, కాల్షియం అడుగున సున్నంలా పేరుకుంటుంది. ఒకటి నీళ్లలో బాగా కలిశాకే రెండోది. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 5.5 నుంచి 6.5 మధ్య చూసుకోండి.

జవాబు 2: తెల్ల బకెట్ గోడలోంచి వెలుతురు లోపలికి పోతుంది, నాచు అందుకే. బయట నల్లరంగు, ఎండకి వేడెక్కకుండా దానిపైన మళ్లీ తెల్లరంగు వేయండి. ఇంకోటి, మోటారు లేని పద్ధతిలో నీళ్లు తగ్గేకొద్దీ పైవేర్లు గాలి పీల్చుకుంటాయి, మళ్లీ అంచుదాకా నింపితే మొక్క మునిగినట్టే. నేనూ ప్రేమ ఎక్కువై రోజూ నింపి పుదీనా చంపుకున్నాను.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నేనూ రోజూ నింపుతున్నా! ఇవాళే రంగు తెస్తా.