నేల శ్వాస, నత్రీకరణ ఎక్కువుంటే మార్కులు వేయాలా?

నల్లరేగడి:
ప్రకృతి సేద్యం చేలను పక్క చేలతో పోల్చడానికి రెండు కొలతలు చాలంటాను: మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ (నేల శ్వాస), అవి మట్టిలోని అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చే వేగం (నత్రీకరణ). వీటితో ఒక స్కోరు ఇవ్వాలి. సేంద్రియ కర్బనంలో తేడా కనిపించాలంటే ఏళ్లు పడుతుంది, సూక్ష్మజీవుల పని ముందే తెలుస్తుంది. శ్వాస కొలవడానికి ఖర్చూ తక్కువే. మూత బిగించిన సీసాలో మట్టి, పక్కనే చిన్న కప్పులో ఆ వాయువును పీల్చుకునే సోడియం హైడ్రాక్సైడ్, ఎంత పీల్చిందో తేల్చడానికి తర్వాత టైట్రేషన్.

చల్కానేల:
ఎండిన మట్టి తడిస్తే కొన్నాళ్లు శ్వాస ఒక్కసారిగా పెరుగుతుంది. దానికి బర్చ్ ప్రభావం అని పేరే ఉంది. తొలకరి మర్నాడు తీసిన మట్టికీ, వాన వెలిసిన పది రోజులకు తీసిన మట్టికీ పోలికేంటి? పైగా ప్రకృతి సేద్యంలో నేలకు పోసే జీవామృతం ద్రావణంలో బెల్లం. బెల్లం తిని వదిలిన ఊపిరి నేల ఆరోగ్యమా?

గట్టుమీద:
బెల్లం లెక్క వేద్దాం. ఎకరాకు పోసే 200 లీటర్ల జీవామృతంలో బెల్లం 2 కిలోలు, అందులో కర్బనం కిలో కూడా ఉండదు. 15 సెంటీమీటర్ల లోతు పైమట్టి ఎకరాకు సుమారు 900 టన్నులు. అర శాతం కర్బనమున్న పేద నేలలోనూ నాలుగున్నర టన్నుల కర్బనం. ఆ నీళ్లు కూడా ఎకరమంతా పరిస్తే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు! పోసిన చోటే, పోసిన వెంటనే మట్టి తీస్తే తప్ప బెల్లం కనపడదు. తేడా వస్తే కారణం పచ్చిరొట్ట ఎరువో, నేలపై కప్పిన ఆచ్ఛాదనో అని అడగండి.

చల్కానేల:
సరే, మరి వాన సంగతి?

నల్లరేగడి:
ల్యాబ్‌లో అన్ని మట్టినీ ఒకే తేమకు తెచ్చి, కొన్నాళ్లు ఉంచాకే కొలుస్తారు.

వరిమడి:
అసలు పేచీ నత్రీకరణతో. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. కారణాల్లో ఒకటి, అమ్మోనియం తొందరగా నైట్రేట్ కాకూడదని. నైట్రేట్ మట్టిని పట్టుకుని ఉండదు. ఇసుకపాలు ఎక్కువుండే చల్కాల్లో వానకు కిందికి దిగిపోతుంది. వరి మడిలో గాలి అందని పొరలోకి చేరి నైట్రోజన్‌గా, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా ఎగిరిపోతుంది. జొన్న వేర్లయితే సోర్గోలియోన్ అనే పదార్థం వదిలి స్వయంగా దీన్ని అడ్డుకుంటాయి. ఒక పక్క బ్రేకు వేస్తూ, ఇంకోపక్క వేగానికి మార్కులా?

నల్లరేగడి:
నత్రీకరణ అసలు జరగకపోతే? ఆ పని చేసే జీవులు కొన్ని రకాలే. లోహాలు, రసాయనాలు తగిలితే చాలాసార్లు ముందు దెబ్బతినేది అవే.

వరిమడి:
విషం పసిగట్టడానికి వాడండి, కాదనను. కానీ నత్రీకరణ వేగం కొలిచే ల్యాబ్ పరీక్షలో అమ్మోనియం పుష్కలంగా కలిపి సీసా ఊపుతారు. వచ్చేది నేల చేయగలిగినంత, చేలో చేస్తున్నంత కాదు. అమ్మోనియం, నైట్రేట్ విడివిడిగా, పైరు వయసుతో సహా రాయండి.

గట్టుమీద:
శ్వాసనూ సూక్ష్మజీవుల బరువుతో భాగించండి. కొద్ది జీవులే ఎక్కువ ఊపిరి వదులుతుంటే నేల ఇబ్బందిలో ఉండొచ్చు. ఆ బరువు లేకుండా శ్వాస అంకె ఒక్కటే పెడితే నేనైతే పట్టించుకోను.