2 జీబీ ర్యామ్‌కు సరిపోయే సెక్యూరిటీ టెస్టింగ్ లినక్స్ ఏది?

అందరికీ నమస్కారం. మా ఇంటి రౌటర్, వైఫై ఎంత భద్రంగా ఉన్నాయో నేనే పరీక్షిస్తూ నేర్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. ఉన్నది 2 జీబీ ర్యామ్‌తో 64 బిట్ పాత ల్యాప్‌టాప్. హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా పెన్ డ్రైవ్ నుంచే బూట్ చేయాలి.

కాలీ (సెక్యూరిటీ పరీక్షల కోసమే చేసిన లినక్స్) లైవ్ బూట్ అవుతోంది కానీ, బ్రౌజర్ తెరిస్తే నత్తనడకే. ఇమేజ్ సైజు ర్యామ్ కంటే పెద్దది కాబట్టి మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించడమూ కుదరదు. నాకు కావాల్సింది నెట్‌వర్క్‌ను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్, నెట్‌వర్క్ డేటాను పట్టి దాచే టీసీపీడంప్, వైఫై భద్రతను పరీక్షించే ఎయిర్‌క్రాక్-ఎన్‌జీ, అప్పుడప్పుడు ఆ డేటాను విప్పి చూపే వైర్‌షార్క్. అంతే. వీటి కోసం మామూలు లినక్స్ అయిన డెబియన్ లైవ్ మీద తేలికైన విండో మేనేజర్ (కిటికీలను చూపించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పెట్టుకుంటే మేలా?

అసలు టెన్షన్ పర్సిస్టెన్స్ (పెన్ డ్రైవ్‌లోనే డేటా నిలిచి ఉండటం) గురించి. పట్టిన నెట్‌వర్క్ డేటా ఉండే క్యాప్చర్ ఫైళ్లు రీబూట్ తర్వాతా ఉండాలి, ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. లక్స్2 (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్)లో పాస్‌వర్డ్ నుంచి కీ తయారు చేసే ఆర్గాన్2 పద్ధతి అన్‌లాక్ చేసేటప్పుడు 1 జీబీ వరకు ర్యామ్ తీసుకోగలదు కదా. పెన్ డ్రైవ్‌ను వేరే పెద్ద మెషీన్‌లో తయారు చేస్తే ఆ ర్యామ్ పరిమితిని ముందే తగ్గించాలా? తగ్గిస్తే పాస్‌వర్డ్ ఎంత పొడవుగా పెట్టడం మంచిది?

ఇంకొకటి, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు మానిటర్ మోడ్‌కు (చుట్టూ ఉన్న వైఫై సిగ్నళ్లన్నీ వినే స్థితికి) రావడం లేదు. ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితం. లినక్స్ కెర్నల్‌లోనే (విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేకుండా) డ్రైవర్ ఉండి 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే చిప్ ఏదైనా మీరు వాడి చూశారా?