సమస్య: "నవ్యమైనదెల్ల నవయె గాదె!"

నిర్వాహకుడు: ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. 'కొత్తదంతా కొత్తే' అని పూరిస్తే ఇక సమస్యేముంది? పైగా సంస్కృత 'నవ' తెలుగులో ఒంటరిగా నిలవదు, నవమనో నవ్యమనో కావాలి. విడిగా 'నవ' అంటే మనకు దురదే.

గట్టుమీద: కాసుకోండి.

క్రొత్త యంగి తొడుగ గుచ్చును మెడచుట్టు;
క్రొత్త చెప్పు కఱచు పాదమందు;
గోకుకొనుచుఁ దిరుగు క్రొత్తల్లుఁ డనెనిట్లు
"నవ్యమైనదెల్ల నవయె గాదె!"

నిర్వాహకుడు: అల్లుడి నోట పెట్టడం భలే ఉంది. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) పోయింది, 'క్రొ'కి 'పా' చెల్లదు. 'కుడి మడమను' అనండి. చెప్పు కరిచేదీ అక్కడే కదా!

చింతచిగురు: 'తిరుగు'లో 'గు' తర్వాత క్రొ అనే జంట అక్షరం వచ్చింది, 'గు' గురువు (రెండు మాత్రల అక్షరం) అవదా?

నిర్వాహకుడు: అవదండీ. వేరే పదం, అందులోనూ తెలుగు పదం. లఘువే, ఒక్క మాత్రే.

గట్టుమీద: మడమ బాగుంది, మార్చేశాను. ఇంతకీ 'కొత్త' అని రాస్తే తప్పా?

నిర్వాహకుడు: తప్పేం లేదు, యతికీ గణాలకీ నష్టం రాదు. ప్రాత పాత అయినట్టే క్రొత్తలో రకారం నోట్లో జారిపోయింది. సమాసాల్లో మాత్రం 'క్రొ' గట్టిగా పట్టుకుని కూర్చుంది: క్రొన్నెల, క్రొవ్విరి, క్రొమ్మావి. కొన్నెల అంటే ఎవరికీ అర్థం కాదు.

చింతచిగురు: నా పూరణ.

అర్థమెల్లఁ దెలిసె నని తలచినవేళ
వెన్నలోన నవము వెలికి వచ్చె;
తొమ్మిదింట నవము తోడుగాఁ గనిపించె;
నవ్యమైనదెల్ల నవయె గాదె!

గట్టుమీద: వెన్నలో నవమేమిటి?

చింతచిగురు: నవనీతం. నవ, నీత: అప్పుడే తీసినది. తొమ్మిదికీ సంస్కృతంలో నవ అనే అంటారు. ఇక్కడ దురదంటే ఒంటిది కాదు, నిఘంటువు మూయనివ్వని దురద.

నిర్వాహకుడు: ఛందస్సుకి వంక లేదు. అయితే ఆ దురద పద్యంలో కనబడలేదు, మీరు చెబితే తెలిసింది. నా మార్కు అల్లుడికే. తొమ్మిదీ కొత్తా ఒకే మూలం నుంచి వచ్చాయని కొందరి ఊహ, తేలిన మాట కాదు. పద్యంలో 'తోడుగా' అని ఊరుకున్నారు, మంచిదైంది.

గట్టుమీద: మరి మా ఫ్రిజ్‌లో వారం నాటి వెన్న ఉంది. దాన్నీ నవనీతమే అనాలా?